టీ-టెస్ట్‌లో పీ-వాల్యూ 0.12 వచ్చింది. రెండు ల్యాబుల సగటులు సమానమే అని రాసేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లోని ఆర్ అండ్ డీ ల్యాబ్ నుంచి విశాఖ దగ్గరి పరవాడ ప్లాంటులోని క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్‌కి ఒక ట్యాబ్లెట్ అస్సే మెథడ్, అంటే మాత్రలో మందు ఎంత శాతం ఉందో కొలిచే పద్ధతి, బదిలీ చేస్తున్నారు. ఒకే బ్యాచ్ మీద రెండు చోట్లా ఆరేసి సాంపిళ్లు చేశారు. రెండు సగటుల మధ్య తేడా ఉందా అని చూసే టీ-టెస్ట్ పెడితే పీ-వాల్యూ 0.12 వచ్చింది. "తేడా లేదు, రెండు ల్యాబులూ సమానం" అని రిపోర్టు రాస్తే క్యూఏ (నాణ్యత హామీ విభాగం) వాళ్లు తిప్పి పంపారు. ఎందుకు పంపారు, ఏ టెస్ట్ చేయాలి, ఆరు సాంపిళ్లు సరిపోతాయా అని అడిగారు. రెండు ల్యాబుల అంకెలూ పంపారు, ఎంత తేడా దాకా ఒప్పుకోవాలో ప్రోటోకాల్‌లో (ముందే రాసుకునే పని పథకంలో) లేదని కూడా చెప్పారు.

సూటిగా చెప్పాలంటే, అలా రాయకూడదండి. క్యూఏ వాళ్ల అభ్యంతరం సరైనదే. ఇక్కడ చేయాల్సింది ఈక్వివలెన్స్ టెస్ట్. వాడుకలో దాన్ని టోస్ట్ అంటారు, అంటే రెండు ఏకపక్ష టీ-టెస్టులు. పని రెండు ముక్కల్లో అయిపోతుంది: ఎంత తేడా దాకా పర్వాలేదో, అంటే హద్దు ఎంతో, డేటా రాకముందే రాసిపెట్టుకోవాలి. తర్వాత రెండు సగటుల తేడాకి 90% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పే పరిధి) కట్టి, అది మొత్తం ఆ హద్దుల లోపల పడిందో లేదో చూడాలి. మీరిచ్చిన అంకెలే తీసుకుంటే, హద్దు ±2.0% అయితే నెగ్గుతారు, ±1.0% అయితే నెగ్గరు. లెక్క కింద చేసి చూపిస్తాను. ప్రోటోకాల్‌లో హద్దే రాయలేదంటున్నారు కదా, అసలు చిక్కు అదే. దాని దగ్గరికీ వస్తాను.

ముందు 0.12 ఎందుకు పనికిరాదో చూద్దాం. టీ-టెస్ట్ "తేడా సున్నా" అనుకుని మొదలవుతుంది. కాదనాలంటే డేటా సాక్ష్యం తేవాలి. అసలు తేడా సున్నా అయినా ఇంత తేడా ఊరికే కనిపించే అవకాశమే పీ-వాల్యూ; అది మామూలుగా 0.05 కన్నా తగ్గితేనే సాక్ష్యం అంటారు. సాక్ష్యం చాలకపోతే టెస్ట్ ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడాన్నే మీరు "అవును, సమానమే" అని చదివారు. కన్నాలు పెద్దవైన జల్లెడలో బియ్యం పోస్తే రాళ్లు కూడా కిందికే పోతాయి. జల్లెడలో ఏమీ మిగల్లేదు కాబట్టి బియ్యంలో రాళ్లు లేవని ఎవరూ అనరు కదా.

ఈ తప్పు ఎంత దూరం పోతుందో ఒక లెక్కలో చూడండి. రెండు ల్యాబులూ మూడేసి సాంపిళ్లే చేశాయి, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) రెండు చోట్లా 2.0, సగటుల తేడా 2.5% అనుకుందాం. అస్సేలో రెండున్నర శాతం చిన్న విషయం కాదు. అయినా టీ విలువ 1.53, పీ-వాల్యూ 0.20. టీ-టెస్ట్ ప్రకారం "తేడా లేదు"! అదే డేటాకి 90% ఇంటర్వెల్ కడితే సుమారు −1.0 నుంచి +6.0 దాకా పోతుంది. అంటే నిజమైన తేడా సున్నా కావచ్చు, అయిదున్నర శాతమూ కావచ్చు, ఈ డేటాకి తెలియదు. ఇప్పుడు దీనికి ఎదురు చివర చూడండి. ఇరవయ్యేసి సాంపిళ్లు, స్టాండర్డ్ డీవియేషన్ 0.32, సగటుల తేడా 0.3%. పీ-వాల్యూ 0.005 దగ్గర వస్తుంది, కాబట్టి టీ-టెస్ట్ "తేడా ఉంది" అంటుంది. ఇంటర్వెల్ మాత్రం 0.13 నుంచి 0.47. ఆ తేడా ఏ బ్యాచ్‌నీ ఏమీ చేయదు. అంటే టీ-టెస్ట్‌ని పాస్-ఫెయిల్‌కి వాడితే, అలక్ష్యంగా తక్కువ సాంపిళ్లతో పని కానిచ్చినవాడు పాసవుతాడు, శ్రద్ధగా చేసినవాడు ఫెయిలవుతాడు.

ఈక్వివలెన్స్ టెస్ట్ రుజువు భారాన్ని తిరగేస్తుంది. "రెండు ల్యాబుల మధ్య తేడా హద్దు దాటింది" అనుకుని మొదలవుతుంది. కాదని మీ డేటా చూపించాలి. డేటా చాలకపోతే నెగ్గరు. మీకు కావాల్సిన దిశ ఇదే.

మీ అంకెలతో చేద్దాం.

సెండింగ్ ల్యాబ్ (హైదరాబాద్): 99.2, 99.8, 100.1, 99.5, 100.4, 99.6
రిసీవింగ్ ల్యాబ్ (పరవాడ): 98.0, 99.9, 98.6, 100.2, 98.4, 99.3

సగటులు 99.77, 99.07. తేడా, రిసీవింగ్‌లోంచి సెండింగ్ తీసేస్తే, −0.70. స్టాండర్డ్ డీవియేషన్లు 0.43, 0.88. ఒకటి రెండోదానికి రెట్టింపు కాబట్టి రెండు వేరియెన్సులూ (స్టాండర్డ్ డీవియేషన్ల వర్గాలు) సమానమని అనుకోకుండా వెల్చ్ పద్ధతిలో పోదాం. ఒక్కో స్టాండర్డ్ డీవియేషన్ వర్గాన్ని 6తో భాగించి, రెండూ కలిపి, వర్గమూలం తీస్తే తేడా తాలూకు స్టాండర్డ్ ఎర్రర్ 0.399. వెల్చ్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (టీ విలువని పట్టికలో వెతకడానికి కావాల్సిన అంకె) 7.3. దానికి 5% ఏకపక్ష టీ విలువ 1.884. రెండూ గుణిస్తే 0.75. కాబట్టి 90% ఇంటర్వెల్ −1.45 నుంచి +0.05.

హద్దు ±2.0 అయితే ఇంటర్వెల్ మొత్తం లోపలే ఉంది, నెగ్గింది. ±1.5 అయితే గీత మీద నడిచినట్టు, అయినా నెగ్గుతుంది. ±1.0 అయితే కింది కొస బయటికి పోయింది, నెగ్గలేదు. ఇదే పనిని పీ-వాల్యూలతో కావాలంటే, ±2.0 హద్దుకి కింది వైపు టీ = (−0.70 + 2.0) ÷ 0.399 = 3.26, పీ-వాల్యూ 0.007. పై వైపు టీ = (−0.70 − 2.0) ÷ 0.399 = −6.77, పీ-వాల్యూ 0.001 కన్నా తక్కువ. రెండింట్లో పెద్దదే టోస్ట్ పీ-వాల్యూ, అంటే 0.007. ±1.0 హద్దుకి అది 0.24 అవుతుంది. ఇంటర్వెల్ చూసినా, పీ-వాల్యూ చూసినా తీర్పు ఎప్పుడూ ఒకటే వస్తుంది. నన్నడిగితే రిపోర్టులో ఇంటర్వెల్ ముందు పెట్టండి, ఎంత వెసులుబాటుతో నెగ్గారో చదివేవాళ్లకి కంటికి కనిపిస్తుంది.

ఎక్సెల్‌లో చేసేవాళ్లకి రెండు జాగ్రత్తలు. రెండు వైపుల టీ ఫంక్షన్ వాడితే లోపల 0.10 ఇవ్వాలి, 0.05 కాదు. 0.05 ఇస్తే 95% ఇంటర్వెల్ వస్తుంది, అనవసరంగా ఫెయిలవుతారు. రెండోది, ఎక్సెల్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో దశాంశాన్ని కోసేస్తుంది. 7.3 ఇస్తే 7 అనుకుని 1.895 ఇస్తుంది. దానితో మీ ఇంటర్వెల్ −1.46 నుంచి +0.06 అవుతుంది. చిన్న తేడానే, కఠినమైన వైపే పోతుంది. కానీ వేరే సాఫ్ట్‌వేర్‌తో సరిచూసే రివ్యూయర్ రెండో దశాంశం దగ్గర ఆగి అడుగుతాడు. ముందే ఒక వాక్యం రాసి ఉంచండి.

మినీట్యాబ్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈక్వివలెన్స్ టెస్టులకి విడిగా మెనూ ఉంది, అందులో రెండు సాంపిళ్లది ఎంచుకోవాలి. అది మామూలుగా చూపించేది 90% ఇంటర్వెల్ కాదు. సున్నా ఇంటర్వెల్ బయట ఉంటే, సున్నా దాకా సాగదీసి, దానికి 95% అని పేరు పెడుతుంది. పైన ఇరవయ్యేసి సాంపిళ్ల ఉదాహరణలో 0.13 నుంచి 0.47 అని రావాల్సింది 0 నుంచి 0.47 అని కనిపిస్తుంది. తీర్పు మారదు కానీ ఎక్సెల్‌తో పోల్చేవాళ్లు కంగారు పడతారు. ఆప్షన్లలో 90% రకాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. ఆర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి టోస్టర్ అనే ప్యాకేజీ ఉంది.

"5% స్థాయిలో టెస్ట్ అంటూ 90% ఇంటర్వెల్ ఏమిటి, 95% ఉండాలి కదా?" అని క్యూఏలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. జవాబు ఇది: రెండు వైపులా రెండు టెస్టులు, ఒక్కోటి 5%. కింది కొస అవతల 5%, పై కొస అవతల 5% వదిలితే మధ్యలో మిగిలేది 90%. రెండు టెస్టులు చేస్తున్నాం కాబట్టి తప్పు 10% అవుతుందనే భయమూ అక్కర్లేదు. రెండూ నెగ్గితేనే సమానం అంటున్నాం. నిజమైన తేడా ఒకేసారి రెండు హద్దులకీ అవతల ఉండలేదు, ఏదో ఒక వైపే ఉంటుంది. ఆ వైపు టెస్ట్ పొరపాటున నెగ్గే అవకాశం 5% మించదు.

ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు. జనరిక్ మందుల బయోఈక్వివలెన్స్ (జనరిక్, అసలు మందు శరీరంలో సమానంగా చేరుతున్నాయని చూపడం) కోసమే ఇది గట్టిపడింది. అంతకుముందు అమెరికా ఎఫ్‌డీఏ దగ్గర, తేడా టెస్ట్‌లో బయటపడకపోతే, 20% తేడాని పట్టగల పవర్ 80% ఉంటే చాలు అనే పద్ధతి నడిచింది. ఎఫ్‌డీఏలోనే పనిచేసిన డోనాల్డ్ షూయిర్మన్ 1987లో ఆ పవర్ పద్ధతినీ రెండు ఏకపక్ష టెస్టులనూ పక్కపక్కన పెట్టి, రెండోదే సరైనదని చూపించాడు. మీ మేనేజర్ "టీ-టెస్ట్‌తో పాటు పవర్ కూడా రాసి పంపు, ఒప్పుకుంటారు" అని సలహా ఇస్తే, అది అప్పుడే పక్కన పెట్టేసిన దారి అని చెప్పండి.

ఇక హద్దు సంగతి. ఈ మొత్తం వ్యవహారంలో లెక్క సులువు, హద్దు కష్టం. "అందరూ ±2% పెడతారు, మేమూ పెట్టాం" అన్నది సమాధానం కాదు. నిజమే, ట్యాబ్లెట్ అస్సే బదిలీల్లో ±2.0% బాగా వాడుకలో ఉంది. డిసొల్యూషన్‌కి (మాత్ర ఎంత త్వరగా కరుగుతుందో చూసే పరీక్షకి) 85% కరిగేలోపు పాయింట్ల దగ్గర ±10, ఆ తర్వాత ±5 అని రాయడమూ మామూలే. కానీ ఆ అంకె మీ ప్రొడక్ట్‌కి తగినదేనా అన్నది మీరే చూపించాలి.

చూపించే దారి ఒకటి చెప్తాను. స్పెసిఫికేషన్ 95.0 నుంచి 105.0, మీ బ్యాచ్‌ల అసలు సగటు 98.5, రిపోర్టు చేసే విలువల స్టాండర్డ్ డీవియేషన్ 1.0 అనుకుందాం. కొత్త ల్యాబ్‌లో మెథడ్ ఇచ్చే విలువలు అటూ ఇటూ జరక్కపోతే 95.0 కింద పడే అవకాశం 0.02%. ఒక శాతం కిందికి జరిగితే 0.6%. రెండు శాతం జరిగితే 6.7%, అంటే మంచి బ్యాచ్‌లే పదిహేనింట్లో ఒకటి ఓఓఎస్ (స్పెసిఫికేషన్ బయట) అవుతుంది. ఇలాంటి ప్రొడక్ట్‌కి ±2.0% హద్దు పెట్టడమంటే ఆ 6.7%ని ముందే ఒప్పుకున్నట్టు. అదే బ్యాచ్‌ల సగటు 100.0 అయితే రెండు శాతం జరిగినా కింద పడే అవకాశం 0.13% మాత్రమే. హద్దు స్పెసిఫికేషన్ నుంచి, ప్రొడక్ట్ చరిత్ర నుంచి రావాలి. బదిలీ డేటా నుంచి రాకూడదు. ఇంటర్వెల్ చూసి, దాని చుట్టూ హద్దు గీస్తే ప్రతి బాణమూ గురి తగిలినట్టే ఉంటుంది.

హద్దు పెట్టేటప్పుడు యూనిట్లు కూడా తేల్చి రాయండి. లేబుల్ క్లెయిమ్‌లో (లేబుల్ మీద రాసిన మోతాదులో) శాతమా, సెండింగ్ ల్యాబ్ సగటులో శాతమా? అస్సేలో రెండూ దగ్గర దగ్గరే ఉంటాయి. 0.10% స్థాయిలో ఉన్న ఇంప్యూరిటీ దగ్గర మాత్రం "±2%" అనే మాటకి అర్థమే లేదు. అక్కడ హద్దు అంకెల్లో, ఉదాహరణకి ±0.03 అని ఉండాలి, లేదా నిష్పత్తిలో ఉండాలి.

నిష్పత్తి అన్నాం కాబట్టి బయోఈక్వివలెన్స్ 80–125 గురించి ఒక మాట. జనరిక్ అంటే "మందు 20% తక్కువున్నా వదిలేస్తారు" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది తప్పు. అక్కడ పోల్చేది రక్తంలో మందు చేరిన మొత్తాన్ని, గరిష్ఠ స్థాయిని. వాటిని లాగరిథమ్ (లాగ్)లోకి మార్చి పోలుస్తారు, అందుకే హద్దు 80.00 నుంచి 125.00. లాగ్‌లో అవి సున్నాకి అటూ ఇటూ సరిగ్గా 0.223 దూరంలో ఉంటాయి. హద్దుల్లో పడాల్సింది సగటుల నిష్పత్తి కాదు, దాని 90% ఇంటర్వెల్ మొత్తం. 24 మంది మీద రెండు దశల క్రాస్ఓవర్ (ప్రతి మనిషికీ రెండు మందులూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చే అధ్యయనం), ఒకే మనిషిలో మార్పు 20% అనుకోండి. నిష్పత్తి 95% వస్తే ఇంటర్వెల్ 86 నుంచి 105, నెగ్గింది. నిష్పత్తి 85% వస్తే ఇంటర్వెల్ 77 నుంచి 94, పోయింది. అంటే 80కి పైన అయిదు శాతం ఉన్నా పోయింది. మోతాదు కొంచెం మారినా ప్రమాదమైన మందులకి యూరప్‌లో హద్దు ఇంకా ఇరుకు, 90.00 నుంచి 111.11.

సాంపిళ్లు ఎన్ని? చేతిలెక్కకి ఈ సూత్రం చాలు:

ఒక్కో ల్యాబ్‌కి సాంపిళ్లు = 2 × ఎస్‌డీ² × (1.645 + 0.842)² ÷ (హద్దు − అనుకున్న అసలు తేడా)²

ఎస్‌డీ అంటే స్టాండర్డ్ డీవియేషన్. ఇది 5% స్థాయికి, 80% పవర్‌కి (అనుకున్న తేడానే నిజమైతే నెగ్గే అవకాశం 80%). అసలు తేడా సున్నా అనుకుంటే 0.842 బదులు 1.282 వేయాలి, ఎందుకంటే అప్పుడు రెండు వైపులా ఓడే అవకాశం సమానంగా ఉంటుంది. వచ్చిన అంకెకి చిన్న సాంపిళ్ల కోసం ఒకటి కలుపుకోండి.

ఎస్‌డీ ఎంత వేయాలి? మీ రెండు ల్యాబులూ కలిపితే 0.69. పన్నెండు అంకెల నుంచి వచ్చిన ఎస్‌డీని ఉన్నదున్నట్టు నమ్మితే సగం సార్లు దెబ్బతింటారు. దాని 80% పై హద్దు 0.88, కాబట్టి 0.9 వేద్దాం. హద్దు ±2.0, అసలు తేడా సున్నా అయితే ఒక్కో ల్యాబ్‌కి 5 చాలు. అసలు తేడా 0.7 అయితే 7. హద్దు ±1.0, తేడా సున్నా అయితే 15. హద్దు ±1.0, తేడా 0.5 అయితే 41 దాకా పోతుంది. చివరి రెండు అంకెల మధ్య దూరం చూశారా? అసలు తేడా సున్నా అనుకుని సాంపిళ్లు లెక్కేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. రెండు ల్యాబులు, రెండు బ్యాలెన్సులు, రెండు నీళ్లు. తేడా ఎంతో కొంత ఉండే తీరుతుంది. అస్సేకి కనీసం 0.5 అనుకుని లెక్కేయండి.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా కొంప ముంచేది: ఆ "ఆరు" దేనికి ఆరు? ఒకే వయల్ నుంచి ఆరు ఇంజెక్షన్లు వేసి ఆరు సాంపిళ్లు అని రాస్తే, మీరు కొలిచింది హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలో మందు ఎంతుందో కొలిచే యంత్రం) ఇంజెక్టర్ పనితనాన్ని. ఎస్‌డీ 0.1, 0.2 వస్తుంది, ఇంటర్వెల్ దారంలా సన్నగా ఉంటుంది, టెస్ట్ ఏదో ఒక వైపు గట్టిగా తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పుకి విలువ లేదు. ఆరు అంటే ట్యాబ్లెట్ల పొడి ఆరుసార్లు విడిగా తూచి, ఆరు ఫ్లాస్కుల్లో విడిగా తయారు చేసినవి. ఒక్కో దానికి రెండు ఇంజెక్షన్లు వేస్తే వాటి సగటు ఒక్క అంకెగానే లెక్కలోకి రావాలి.

అక్కడితో అయిపోదు. ఆరు ఫ్లాస్కులూ ఒకే రోజు, ఒకే స్టాండర్డ్ ద్రావణానికి (పోల్చడానికి వాడే, మందు ఎంతుందో తెలిసిన ద్రావణానికి) ఎదురుగా నడిపారనుకోండి. స్టాండర్డ్ తూచడంలో 0.5% పొరపాటు జరిగితే ఆరు విలువలూ కలిసి 0.5% జరుగుతాయి. ఎస్‌డీలో ఆ పొరపాటు జాడే కనిపించదు. రిఫరెన్స్ స్టాండర్డ్ తేమ పీల్చే రకమైతే ఇది ఇంకా ఎక్కువ. విశాఖ గాలిలో సీసా మూత తీసి పెట్టి నెమ్మదిగా తూస్తే, తేమ బరువు కూడా స్టాండర్డ్ బరువులో కలిసిపోతుంది. ద్రావణం అనుకున్నదానికన్నా పలచన అవుతుంది, సాంపిళ్లన్నీ ఎక్కువగా చదువుతాయి. అందుకే రిసీవింగ్ ల్యాబ్‌లో ఇద్దరు అనలిస్టులు, రెండు రోజులు, రోజుకో కొత్త స్టాండర్డ్ అని ప్రోటోకాల్‌లో పెట్టండి. అప్పుడు లెక్కలో కూడా అనలిస్టునీ రోజునీ యాదృచ్ఛిక అంశాలుగా పెట్టాలి. అది చేయడం రాకపోతే ఒక్కో రోజు సగటుని ఒక్కో అంకెగా తీసుకుని టెస్ట్ చేయండి. ఇంటర్వెల్ వెడల్పవుతుంది, కానీ నిజం చెప్తుంది. రెండే రోజులుంటే మరీ వెడల్పవుతుంది కాబట్టి నాలుగైదు రోజులు ప్లాన్ చేసుకోవడం నయం.

మూడు నాలుగు బ్యాచ్‌ల మీద చేస్తుంటే లెక్క జతల్లో చేయాలి. ఒకే బ్యాచ్‌కి రెండు ల్యాబుల విలువల తేడా తీసి, ఆ తేడాలకి ఇంటర్వెల్ కట్టాలి. విడివిడి గుంపులుగా చేస్తే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ ఉన్న తేడా అంతా ల్యాబుల నెత్తిన పడుతుంది.

సగటులు సమానమైతే ల్యాబులు సమానమైనట్టు కాదన్నది కూడా గుర్తుంచుకోండి. మీ రిసీవింగ్ ల్యాబ్ ఎస్‌డీ రెట్టింపు ఉంది. ఎఫ్-టెస్ట్ చేసి "వేరియెన్సుల్లో తేడా లేదు" అని రాశారు. వేరియెన్సుల నిష్పత్తి 4.1, ఆరేసి సాంపిళ్లకి ఎఫ్-టెస్ట్ రెండు వైపులా 5% స్థాయిలో 7.15 దాటితే గానీ నోరు విప్పదు. ఇది కూడా పైన చెప్పిన జల్లెడ కథే. ప్రెసిషన్‌కి విడిగా, ఆర్‌ఎస్‌డీ (సగటులో శాతంగా స్టాండర్డ్ డీవియేషన్) ఇంతకు మించకూడదు అని సూటిగా హద్దు పెట్టడం మేలు.

రిపోర్టులో "రెండు ల్యాబులూ సమానం" అనే వాక్యమే వద్దు. హద్దు ముందే పెట్టుకుని ఉంటే ఇలా రాయొచ్చు: "రిసీవింగ్, సెండింగ్ ల్యాబుల సగటుల తేడా −0.70%, 90% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ −1.45% నుంచి +0.05%. ప్రోటోకాల్‌లో ముందుగా నిర్ణయించిన ±2.0% హద్దుల లోపల ఉంది." నెగ్గకపోతే "తేడా ఉంది" అని కూడా రాయకూడదు. ఇంటర్వెల్ హద్దు మీద అటూ ఇటూ పరుచుకుంటే తేలలేదని అర్థం. మొత్తం ఇంటర్వెల్ హద్దు అవతలే ఉంటేనే తేడా ఉందని చెప్పగలం. తేలనప్పుడు నెగ్గేదాకా ఇంకో రెండు, ఇంకో రెండు అని సాంపిళ్లు కలుపుతూ పోకండి. ప్రతిసారీ చూస్తూ కలిపితే ఆ 5% హామీ నిలవదు.

మీ ప్రస్తుత పరిస్థితికి వస్తే: హద్దు ముందు రాయలేదు కాబట్టి ఈ పన్నెండు అంకెలతో ఏ హద్దు పెట్టి నెగ్గినా ఆడిటర్ ముందు నిలబడదు. ఈ డేటాని ప్రాథమిక అధ్యయనంగా మూసేయండి, ఎస్‌డీ అంచనాకి వాడుకోండి. స్పెసిఫికేషన్ నుంచి హద్దు కట్టి, కారణం రాసి, కొత్త ప్రోటోకాల్ సంతకాలయ్యాక కొత్త సాంపిళ్లు చేయండి. పాతవి అందులో కలపొద్దు.

కొత్తవి మొదలుపెట్టే ముందు రిసీవింగ్ ల్యాబ్ వరసని ఇంకోసారి చూడండి. ఒకటి, మూడు, అయిదో విలువలు 98.0, 98.6, 98.4. రెండు, నాలుగు, ఆరు 99.9, 100.2, 99.3. మొదటి మూడింటి సగటు 98.33, రెండో మూడింటిది 99.80, సెండింగ్ ల్యాబ్ సగటు 99.77కి అతుక్కుని ఉంది. అంటే మీ 0.70 తేడా అంతా బేసి సాంపిళ్లలోనే ఉంది. కింది మూడు విలువలూ ఇలా ఒకటి విడిచి ఒకటి రావడం ఊరికే యాదృచ్ఛికంగా పదిసార్లలో ఒకసారి జరగొచ్చు, కాబట్టి దీన్నే రుజువు అనను. కానీ నోట్‌బుక్ తీసి ఆ మూడు ఫ్లాస్కులు ఎవరు చేశారో, ఏ సోనికేటర్‌లో పెట్టారో, ఎన్ని నిమిషాలు పెట్టారో, వాల్యూమ్ చేసే ముందు ద్రావణం గది వేడికి చల్లారిందో లేదో, ఫిల్టర్ చేసినప్పుడు మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారబోశారో లేదో చూడండి. మందు పూర్తిగా బయటికి రాకపోయినా, వేడి ద్రావణంతో గీత దాకా నింపినా, కొత్త ఫిల్టర్ మందుని పట్టేసుకున్నా విలువ ఎంతో కొంత కదులుతుంది. ఇందులో రెండో దానివల్ల మాత్రం విలువ పెరుగుతుంది, ఎందుకంటే చల్లారాక ద్రావణం గీత కిందికి దిగిపోతుంది. మీ విలువలు తగ్గాయి కాబట్టి ముందు సోనికేషన్, ఫిల్టర్ దగ్గర వెతకండి.